మోకాలు నొప్పి వదలట్లేదా? పరిగెత్తేవాళ్ళూ, సైకిల్ తొక్కేవాళ్ళూ చేయాల్సిన పనులు

మోకాలు నొప్పి అని నోరు తెరిస్తే చాలు, నెల్లూరులో ఎవరైనా ముందు అనే మాట "గుజ్జు అరిగిపోయుంటుంది అబ్బయా, ఇంక ఆ పరుగులు మానెయ్" అని. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే కుర్రాడికీ అదే మాట, షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్తే సైకిల్ కొనుక్కున్న యాభై ఏళ్ళ మనిషికీ అదే మాట. నిజానికి పరుగు వల్ల, సైకిల్ వల్ల వచ్చే మోకాలి నొప్పుల్లో ఎక్కువ భాగం గుజ్జుతో సంబంధం లేనివే. మోకాలు ఎంత మోయగలదో అంతకు మించి, అదీ ఉన్నట్టుండి, పని చెప్పడం వల్ల వచ్చేవి. నెలల తరబడి వేధించేది కూడా అందుకే: కారణాన్ని అట్లాగే ఉంచి మనం బిళ్ళలు, బామ్‌లు, నీక్యాప్‌లు మారుస్తూ ఉంటాం.

గుజ్జు భయం ఉన్నవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వచ్చింది. సరదాకి, ఆరోగ్యానికి పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందిలో కనిపిస్తే, అసలు పరిగెత్తనివాళ్ళలో 10 శాతం మందికి పైగా కనిపించింది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13 శాతం దాకా ఉంది. దీన్ని బట్టి పరుగే మోకాళ్ళని కాపాడుతుందని తేల్చలేం గానీ, వారానికి నాలుగు రోజులు గ్రౌండ్ చుట్టూ తిరిగితే మోకాళ్ళు అరిగిపోతాయన్న మాటకి మాత్రం ఆధారం లేదు.

సరే, పనిలోకి వద్దాం.

ముందు ఒక్క వేలితో చూపించండి

"మోకాలంతా నొప్పి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కుర్చీలో కూర్చుని, ఎక్కడ ఎక్కువ నొప్పో ఒక్క వేలు పెట్టి చూపించండి. చోటుని బట్టి సగం సంగతి తెలిసిపోతుంది.

చిప్ప చుట్టూ, లేదా చిప్ప వెనకాల ఎక్కడో లోపల నొప్పి, వేలు పెట్టి సరిగ్గా చూపించలేకపోతున్నారు, అరచేయి మొత్తం చిప్ప మీద పెడుతున్నారు అంటే అది పరిగెత్తేవాళ్ళకి అందరికంటే ఎక్కువగా వచ్చే రకం. "రన్నర్స్ నీ" (runner's knee) అంటారు. దీని గుర్తులు భలే స్పష్టంగా ఉంటాయి: మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ, గొంతుకూర్చుంటే ఎక్కువ, హైదరాబాదు బస్సులో రాత్రంతా కాళ్ళు మడిచి కూర్చుని పొద్దున్నే దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేసినట్టు ఉండి నాలుగడుగులు వేస్తే సర్దుకోవడం. సైకిల్ మీద అయితే దీనికి మొదటి అనుమానం సీటు కిందికి ఉండటం.

చిప్ప కింది అంచు దగ్గర, ఖచ్చితంగా ఒక్క పాయింట్ దగ్గర, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది చిప్పని కాలి ఎముకకి కలిపే టెండన్, అంటే గట్టి తాడు లాంటి నరం పట్టీ, దాని సమస్య. లాంగ్ జంప్, వాలీబాల్, స్ప్రింట్లు కొట్టేవాళ్ళకి ఎక్కువ. ఇది తగ్గడానికి మిగతావాటికంటే ఎక్కువ టైం పడుతుంది, మూడు నెలలు అనుకునే మొదలుపెట్టండి.

మోకాలి బయటి పక్క నొప్పి, పరుగు మొదట్లో ఏమీ లేకుండా రోజూ దాదాపు అదే దూరం దగ్గర మొదలై, ఆగి నడిస్తే పోయి, మళ్ళీ పరిగెత్తగానే వచ్చేస్తే అది ఐటీ బ్యాండ్. తుంటి నుంచి తొడ పక్కగా మోకాలి కింది దాకా దిగే గట్టి పట్టీ ఇది. తొడల్లో కంటే తుంటి పక్క కండరాల్లో బలం తక్కువైన వాళ్ళకి, ఒక్కసారిగా దూరం పెంచిన వాళ్ళకి, దిగుడు రోడ్ల మీద పరిగెత్తే వాళ్ళకి వస్తుంది. సైకిల్ మీద వస్తే సీటు మరీ ఎత్తుగా ఉందేమో చూడండి.

మోకాలి వెనక గుంటలో లాగుతున్నట్టు ఉంటే, సైకిల్ వాళ్ళకి దాదాపు ఎప్పుడూ సీటు ఎత్తు ఎక్కువైనట్టే, లేదా సీటు బాగా వెనక్కి జరిగినట్టు. లోపలి పక్క, కీలుకి నాలుగు వేళ్ళ కింద నొప్పి అయితే షూకి క్లీట్ (షూ అడుగున బిగించే, పెడల్‌ని పట్టుకునే ముక్క) పెట్టుకుని తొక్కేవాళ్ళు ఆ క్లీట్ కోణం చూసుకోవాలి.

వీటిని ఇంట్లో చూసుకోవద్దు

మోకాలు మెలిపడి లోపల "టప్" మని శబ్దం వచ్చి కొన్ని గంటల్లో వాచిపోతే, కాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోతే, నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టు పడిపోతుంటే, నాలుగడుగులు కూడా బరువు ఆన్చలేకపోతే, మోకాలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం ఉంటే, పడుకున్నా రాత్రిళ్ళు నొప్పి నిద్ర లేపుతుంటే, పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉంటే, ఇక చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నెల్లూరు పెద్దాసుపత్రి అయినా ఒంగోలు రిమ్స్ అయినా ఎముకల విభాగం ఉంది, ప్రైవేటు అయినా పర్లేదు. జ్వరంతో మోకాలు వాచితే ఆ రోజే వెళ్ళాలి, రేపటికి వద్దు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు మోకాలు నొప్పి అంటే ఒకసారి తుంటి కూడా చూపించండి, పిల్లల్లో తుంటి సమస్య మోకాలి నొప్పిగా బయటపడటం ఉంటుంది.

ఇంకో మాట మన జిల్లాల వాళ్ళకే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు, ఇటు ఉదయగిరి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి నొప్పి ఒక మోకాలితో ఆగకుండా నడుము, మెడ, భుజాలు కూడా బిగుసుకుపోతుంటే అది పరుగు వల్ల వచ్చింది కాకపోవచ్చు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఎముకలని పట్టే ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లోకి మొదట ఎక్కింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ నుంచే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి మరి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, నీళ్ళు కాచితే అది పోదు. డాక్టర్‌కి ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారో కూడా చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడగకపోవచ్చు.

మొదటి రెండు వారాలు: మానేయకండి, తగ్గించండి

ఇక్కడే అందరూ రెండు చివరలకీ పోతారు. ఒకరు నెల రోజులు మంచం దిగకుండా రెస్ట్ తీసుకుని, నొప్పి పోగానే పాత దూరం మొదలుపెట్టి వారంలో మళ్ళీ మొదటికి వస్తారు, ఎందుకంటే ఆ నెలలో తొడలు ఇంకా మెత్తబడ్డాయి. ఇంకొకరు సెలెక్షన్లు దగ్గరికొచ్చాయన్న టెన్షన్‌తో బిళ్ళ వేసుకుని మరీ పరిగెత్తుతారు. రెండూ వద్దు.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. పరిగెత్తేటప్పుడు గానీ తొక్కేటప్పుడు గానీ మూడు దాకా ఉంటే ఫర్వాలేదు, అది పెరగకుండా ఉండాలి, మర్నాడు పొద్దున్న లేచేసరికి మామూలు స్థితికి వచ్చేయాలి. నాలుగైదు అయినా, కుంటుతూ నడుస్తున్నా, మర్నాటికి ఎక్కువైనా ముందు రోజు చేసింది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించండి. ఈ ఒక్క లెక్క అలవాటైతే ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

పరుగుతో నొప్పి వస్తుంటే ఆ రెండు వారాలు గ్రౌండ్‌లో నడక, లేదా తేలిక గేరులో సైకిల్. సైకిల్‌తోనే నొప్పి వస్తుంటే కింద చెప్పిన సీటు సంగతి చూసేదాకా దూరం తగ్గించండి. మఠం వేసుకుని కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం, గొంతుకూర్చోవడం లాంటివి చిప్ప నొప్పి ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు తగ్గించుకుంటే చాలు, జన్మంతా మానక్కర్లేదు. నొప్పిగా ఉన్నప్పుడు గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టుకోండి, హాయిగా ఉంటుంది, అంతకు మించి దానికి మహిమలేమీ లేవు.

మందుల షాపులో "నొప్పి బిళ్ళ ఇవ్వన్నా" అంటే ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి రెండు మూడు రోజులకి సరే, వారాల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండల్లో చెమటలు కక్కుతూ పరిగెత్తి, నీళ్ళు సరిగా తాగకుండా, పైన ఈ బిళ్ళ వేసుకోవడం మరీ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళయితే డాక్టర్‌ని అడగకుండా ఒక్కటి కూడా వద్దు. ఎవరో కీలులోకి ఇంజెక్షన్ వేస్తే చిటికెలో తగ్గిందని చెప్తే, అందులో ఏముందో చీటీ మీద రాయించుకోకుండా వేయించుకోవద్దు. స్టెరాయిడ్ అయితే నొప్పి కొన్ని వారాలు తగ్గుతుంది, కారణం అట్లాగే ఉంటుంది. టెండన్ దగ్గర పొడిస్తే అది బలహీనపడి తెగిన సందర్భాలూ ఉన్నాయి.

నువ్వుల నూనె మర్దన, వావిలాకు నీళ్ళ కాపడం చేస్తే చేసుకోండి, పోయేదేమీ లేదు. జిల్లేడు ఆకు కట్టేటప్పుడు మాత్రం పాలు ఒంటికి తగలకుండా చూసుకోవాలి, చర్మం పొక్కుతుంది, కంట్లో పడితే ఇంకా గొడవ. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకుని వద్దామా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ ఏ ఎముకా విరగలేదు కదా, బిగించి కడితే కదలక కండరం ఇంకా కరుగుతుంది.

సైకిల్ సీటు

సైకిల్ కొన్నప్పుడు షాపులో ఏం చేస్తారో గుర్తుందా? ఎక్కి కూర్చోమంటారు, రెండు కాళ్ళూ నేలకి ఆనుతున్నాయా అని చూస్తారు, ఆనితే "సరిపోయింది సార్" అని బోల్టు బిగించేస్తారు. ట్రంక్ రోడ్డులో నిమిషానికోసారి ఆగుతూ పోయేవాళ్ళకి అది సౌకర్యమే. అదే సీటు మీద ఆదివారం పొద్దున్నే మైపాడు బీచికి పోయి వస్తే, రానూ పోనూ 40, 50 కిలోమీటర్లలో పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడుచుకుని, ఆ మడతలోనే బలమంతా పెట్టి తొక్కాలి. మోకాలు ఎంత ఎక్కువ మడిచి తొక్కితే చిప్ప వెనక ఒత్తిడి అంత పెరుగుతుంది. వేలసార్లు. చిప్ప నొప్పితో వచ్చే సైకిల్ వాళ్ళలో సీటు కిందికి ఉన్నవాళ్ళే ఎక్కువ.

సీటు సరిగ్గా ఉంటే ఆగినప్పుడు కాలివేళ్ళు మాత్రమే నేలకి అందుతాయి, లేదా సీటు దిగి నిలబడాలి. మొదట్లో పడిపోతామేమో అని భయంగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఎత్తు చూసుకోవడానికి తేలికైన పద్ధతి మడమది. సైకిల్‌ని గోడ పక్కన పెట్టి, ఒక చేయి గోడకి ఆన్చి, రోజూ వేసుకునే షూతోనే సీటు మీద కూర్చోండి. మడమని పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు కాలు సరిగ్గా నిటారు కావాలి, అదే సమయంలో పిరుదు ఆ పక్కకి ఒరగకూడదు. మోకాలు ఇంకా మడిచే ఉంటే సీటు పైకి లేపాలి, ఒరుగుతుంటే దించాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే అడుగున మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు మడిచి ఉంటుంది, కావలసింది అదే.

లెక్క కావాలనుకునేవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. చెప్పుల్లేకుండా గోడకి ఆని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి ఒత్తి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా ఇంట్లో ఎవరి చేతనైనా టేపుతో కొలిపించుకోండి. దాన్ని 0.883 తో హెచ్చించండి. కొలత 80 సెంటీమీటర్లు వస్తే 70.6. పెడల్ చేతులు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా, సీటు రాడ్ వెంటే కొలిస్తే అంత ఉండాలి. ఇది మొదటి అంచనా మాత్రమే, మీ నొప్పిని బట్టి అక్కడి నుంచి కొంచెం అటూ ఇటూ జరుపుకోవాలి.

ఒక్కసారిగా అంగుళం లేపేయొద్దు. ఇప్పుడున్న చోట రాడ్ మీద మార్కర్‌తో గీత పెట్టి, 5 మిల్లీమీటర్లు లేపి, రెండు మూడు రైడ్లు చూసి, మళ్ళీ ఇంకొంచెం. మోకాలి ముందు వైపు నొప్పి పోయి వెనక గుంటలో మొదలైందంటే ఎక్కువ లేపారని, ఆఖరిసారి లేపినంత దించండి. రాడ్ మీద ఇంతకంటే పైకి లాగొద్దని కంపెనీ వేసిన గుర్తు ఉంటుంది, అది బయటికి కనపడకూడదు, రాడ్ విరుగుతుంది. పాత నల్ల సైకిళ్ళకి రాడ్ తుప్పు పట్టి కదలదు, షాపులో ఇచ్చి తీయించి గ్రీజు పెట్టించండి. రాడ్ చాలకపోతే పొడుగు రాడ్ అడగండి, దొరుకుతుంది.

ఎత్తు కుదిరాక ముందు వెనక. పెడళ్ళు రెండూ నేలకి సమానంగా ఉండేట్టు పెట్టి, ముందున్న కాలి చిప్ప ముందు భాగం నుంచి దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీయండి. అది పెడల్ ఇరుసు మీదకి రావాలి. ఇరుసుకి బాగా ముందు పడుతుంటే సీటు కొద్దిగా వెనక్కి జరపండి.

ఇక గేరు. గేరు సైకిల్ కొన్న ప్రతివాడూ బరువు గేరులో పెట్టి తొక్కితేనే కష్టపడినట్టు అనుకుంటాడు, మోకాలికి శత్రువు అదే. నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిరిగేట్టు తేలిక గేరులో తొక్కండి. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెడితే 15 సెకన్లలో 20, 22 రావాలి. జూన్, జూలైలో పడమటి గాలి ఈడ్చి కొట్టేటప్పుడు మైపాడు నుంచి తిరుగుదారంతా ఎదురుగాలే, అప్పుడు స్పీడు పోయినా ఫర్వాలేదు గేరు దించండి, కాళ్ళ వేగం మాత్రం తగ్గనివ్వకండి. గేర్లు లేని సైకిల్ అయితే వెనక ఫ్రీవీల్ రెండు పళ్ళు ఎక్కువున్నది వేయించుకోండి, ఖర్చు పెద్దగా కాదు, తొక్కడం తేలికవుతుంది. ఈ మాట సైకిల్ షాపుల్లో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి.

పరుగు

పరుగులో ఒక్కో అడుగుకి చిప్ప కీలు మీద పడే ఒత్తిడి మన ఒంటి బరువుకి నాలుగు రెట్లకి పైనే. దాన్ని తగ్గించే తేలిక మార్గం అడుగు పొట్టి చేయడం. పొడుగు అంగలు వేసేవాళ్ళ పాదం ఒంటికి చాలా ముందు పడి, మడమ గట్టిగా గుద్దుకుని, ఆ దెబ్బంతా మోకాలి మీదకి వస్తుంది. మీరు మామూలుగా పరిగెత్తేటప్పుడు అర నిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి, అది నిమిషానికి మీ అడుగుల లెక్క. 160 వస్తే 168, 170 కి తెచ్చుకోండి, అంటే అయిదు నుంచి పది శాతం లోపు పెంచడం. స్పీడు పెంచకూడదు, అడుగులే పెంచాలి. ఫోనులో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని టిక్ టిక్‌కి తగ్గట్టు పరిగెత్తితే తొందరగా వస్తుంది. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీండి.

ఎక్కడ పరిగెత్తాలి అంటే, నెల్లూరులో వీఆర్సీ గ్రౌండో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమో, ఒంగోలులో అయితే మినీ స్టేడియమో ఉన్నాయి కదా, మట్టి నేల మంచిదే. ఒకటే దిక్కుగా రౌండ్లు కొట్టకుండా మధ్యలో తిరిగి రెండో దిక్కుకి కొట్టండి. రోడ్డు అంచున పరిగెత్తితే రోడ్డు పక్కకి వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. బీచిలో నీళ్ళ అంచున కూడా అంతే. కొత్తపట్నం, మైపాడు ఇసుకలో పరిగెత్తితే మోకాళ్ళకి మెత్తగా ఉంటుందని అనుకుంటారు గానీ, నొప్పి ఉన్నప్పుడు పొడి ఇసుకలో కాలు దిగబడి ఒరిగిపోతూ ఉంటే పిక్కలకి, మోకాళ్ళకి ఇంకా పని ఎక్కువ. తగ్గేదాకా బీచికి నడకకే వెళ్ళండి. నరసింహకొండ లాంటి చోట ఎక్కుడు పరిగెత్తినా ఫర్వాలేదు, దిగుడు మాత్రం నడిచి దిగండి.

షూ గురించి దుకాణాల్లో చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు. కాలికి బిగుతు లేకుండా, తొడగ్గానే సుఖంగా ఉన్న రన్నింగ్ షూ ఏదైనా సరే. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక అడుగు నలిగిపోతుంది, అప్పుడు మార్చాలి. కాన్వాస్ షూతో సిమెంటు రోడ్డు మీద రోజూ పరిగెత్తే కుర్రాళ్ళు మాత్రం ముందు ఆ పని మానండి.

కానిస్టేబుల్, ఆర్మీ సెలెక్షన్లకి తయారయ్యేవాళ్ళకి ఒక మాట. నోటిఫికేషన్ రాగానే సున్నా నుంచి మొదలుపెట్టి రోజూ 1600 మీటర్లు టైం పెట్టి ఫుల్ స్పీడులో కొట్టడం వల్లే మీకు మోకాళ్ళు, ముంగాళ్ళు పోతున్నాయి. వారంలో ఒకటి రెండు రోజులే వేగం, మిగతా రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మది, ఒక రోజు పూర్తిగా సెలవు. ఇట్లా చేస్తేనే టైం కూడా తగ్గుతుంది.

బలం

ఇన్ని చెప్పాను గానీ నెలల నాటి నొప్పిని పోగొట్టేది మాత్రం ఇది. సీటు, షూ, అడుగు ఇవన్నీ ఒత్తిడిని తగ్గిస్తాయి, ఒత్తిడిని మోసేది తొడ, తుంటి, పిక్క కండరాలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు. ఆరు వారాలకి తేడా తెలుస్తుంది, పన్నెండు వారాలు వదలకూడదు. జిమ్ అక్కర్లేదు.

గోడకుర్చీతో మొదలుపెట్టండి. బడిలో హోంవర్క్ చేయకపోతే మాస్టారు వేయించిన గోడకుర్చీయే, శిక్ష అనుకున్నది ఇప్పుడు వైద్యం. వీపు గోడకి ఆన్చి, నొప్పి మూడు మార్కులు దాటని లోతు దాకా జారి, 30 నుంచి 45 సెకన్లు ఆగండి. మధ్యలో రెండు నిమిషాలు గ్యాప్ ఇస్తూ అయిదుసార్లు. బడిలోలాగా తొడలు నేలకి సమానం కావక్కర్లేదు, మొదట్లో సగమే చాలు. చిప్ప కింది టెండన్ నొప్పికి ఇది చేసిన కాసేపటికే చాలామందికి హాయిగా ఉంటుంది.

రెండోది కుర్చీలోంచి లేవడం. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి, కూర్చునేటప్పుడు మూడు సెకన్లు పట్టేట్టు నెమ్మదిగా దిగండి. పదేసి చొప్పున మూడుసార్లు. తేలికైపోయాక అయిదు కేజీల బియ్యం సంచి ఛాతీకి హత్తుకుని చేయండి, ఆ తర్వాత ఒంటికాలితో. గుంజీళ్ళు తీయొచ్చా అని అడుగుతారు: చిప్ప నొప్పి ఉన్నన్నాళ్ళు పూర్తిగా కిందికి కూర్చునే గుంజీళ్ళు వద్దు, సగం దాకా సరే.

మూడోది మెట్టు దిగడం, ఇదే అన్నిటికంటే ముఖ్యం. జానెడు కంటే తక్కువ ఎత్తున్న మెట్టు మీద నొప్పి ఉన్న కాలితో నిలబడి, రెండో కాలి మడమని నెమ్మదిగా నేలకి తాకించి, బరువు పెట్టకుండా మళ్ళీ పైకి రండి. ఎదురుగా అద్దం పెట్టుకోండి. మెట్టు మీదున్న మోకాలు లోపలికి, రెండో మోకాలి వైపు వాలిపోతుంటే మీ నొప్పికి కారణం కళ్ళ ముందే కనపడుతున్నట్టు. మోకాలు పాదం రెండో వేలి మీదుగానే మడవాలి. అట్లా సరిగ్గా ఎన్ని వస్తే అన్ని, ఎనిమిది వస్తే ఎనిమిదే. వంకరగా ఇరవై చేసేకంటే నయం.

మోకాలు అట్లా లోపలికి పడకుండా పట్టుకునేది తుంటి పక్క కండరం. దానికోసం గోడ పక్కన ఒక పక్కకి పడుకుని, వీపు, మడమ గోడకి ఆన్చి, పై కాలిని మడమ గోడ మీద రాసుకుంటూ పైకి లేపి దించండి. పన్నెండు చొప్పున మూడుసార్లు. మడమ గోడ వదిలేసి కాలు ముందుకి వస్తే వేరే కండరం పని చేస్తున్నట్టు, దొంగలెక్క. ఐటీ బ్యాండ్ వాళ్ళు ఇది తప్పకుండా చేయాలి. ఆ పట్టీని ఫోమ్ రోలర్ (గుండ్రటి నురుగు దిమ్మ) పెట్టి రుద్దుతూ కూర్చుంటే అది పొడుగు కాదు.

వీటికి తోడు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం, ఒంటికాలి మీద మడమ లేపడం చేర్చండి. ఇవి కూడా చేయలేనంత నొప్పి ఉంటే మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని మోకాలితో కిందికి నొక్కి పది సెకన్లు ఆపడంతో మొదలుపెట్టండి.

నీక్యాప్, టేపు వేసుకుంటే మొదటి కొన్ని వారాలు ధైర్యంగా ఉంటుంది, వేసుకోండి, బలం మాత్రం అది ఇవ్వదు. బరువు ఎక్కువున్నవాళ్ళకి ఒక లెక్క: అరుగుదల మొదలైన భారీ మనుషుల మీద చూసినప్పుడు, ఒక కేజీ తగ్గితే నడకలో ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గింది. చేపల పులుసు మానమనట్లేదు, దానితో పాటు అన్నం రెండోసారి వడ్డించుకోవడం మానితే చాలు.

ఎక్స్‌రే, ఎమ్మారై రిపోర్టుల గురించి కంగారు పడకండి. నలభై దాటినవాళ్ళలో ఏ నొప్పీ లేని మోకాలికి తీసినా స్కాన్‌లో ఏదో ఒక చీలిక, అరుగుదల కనపడటం మామూలే. రిపోర్టులో ఉన్నదీ మీ వేలు చూపించే చోటూ ఒకటేనా అని డాక్టర్‌ని అడగండి. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే కరెంటు పెట్టి పంపించేవాళ్ళ దగ్గర కాకుండా, మీ చేత వ్యాయామం చేయించి, తప్పులు దిద్ది, వారం వారం బరువు పెంచేవాళ్ళ దగ్గర చూపించుకోండి.

మళ్ళీ పరుగులోకి

అరగంట వేగంగా నడిచినా, మెట్టు దిగుడు పది సరిగ్గా చేసినా నొప్పి రెండు మార్కులు దాటకపోతే మొదలుపెట్టొచ్చు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు. మర్నాడు బాగుంటే రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఆ తర్వాత అయిదు నిమిషాల ముక్కలు. ముందు దూరం, తర్వాతే వేగం, రెండూ ఒకే వారంలో పెంచొద్దు. వారానికి పది శాతం పెంచాలన్న సూత్రం రాతి మీద రాసిందేమీ కాదు గానీ, మామూలుగా 5 కిలోమీటర్లు పరిగెత్తేవాడు స్నేహితులు పిలిచారని ఆదివారం 10 పరిగెత్తితే దెబ్బ తగిలేది ఆ ఒక్క రోజే. సైకిల్‌కీ ఇదే పద్ధతి, సగం దూరంతో మొదలు.

మధ్యలో నొప్పి తిరగబెడితే మొత్తం ఆపకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్ళి అక్కడ వారం ఉండండి. నవంబరు వానల్లో గ్రౌండు బురదైపోయి రెండు మూడు వారాలు గ్యాప్ వస్తే, పాత దూరం నుంచి కాకుండా సగం నుంచి మొదలుపెట్టండి. ఆ వానల రోజుల్లో ఇంట్లో గోడకుర్చీ, మెట్టు దిగుడు మాత్రం ఆపొద్దు. నొప్పి పూర్తిగా పోయాక కూడా వారానికి రెండు రోజులు అవి ఉండాల్సిందే.